మెట్ల మలుపులో తెగిన గొంతు

ఆదివారం పొద్దున సుగుణమ్మ జొన్నరొట్టె కాలుస్తుండగా కింద ఫోను మోగింది. పెనం మీది రొట్టెను పెనం మీదే వదిలేసి, పిండి చేతులతోనే మెట్లు దిగి పరుగెత్తింది. మాడితే మాడనీ, ఆదివారం ఈ వేళకు మోగే ఫోను ఎవరిదో ఆమెకు తెలుసు.

"వదినా, నేను గోపమ్మను."

"నువ్వేనని తెలుసు బిడ్డా. పెట్టకు, జర ఆగు. అత్తకిస్త. గిట్ల మాట్లాడుకుంటనే మెట్లెక్కుతున్న సూడు."

రిసీవరు చెవికి ఆనించుకుని సుగుణమ్మ ఎక్కసాగింది. అది తీగ లేని ఫోను. డబ్బా కింద ఆఫీసులో బల్ల మీద ఉంటుంది, రిసీవరు చేతబట్టుకుని ఎటైనా తిరగొచ్చు. పోయినేడు హైదరాబాద్ నుంచి తెచ్చిన రోజున ఆమె పెనిమిటి పర్వతాలు దాన్ని చెవికి పెట్టుకుని హైవే దాకా నడిచి, అక్కడ్నుంచి మాట్లాడి, చిట్యాల ఊరు మొత్తానికి చూపించాడు. రోడ్డు దాకా పోయిన ఆ ఫోను సొంత ఇంట్లో పై అంతస్తుకు మాత్రం ఎక్కనంటుంది. ఇంట్ల పులి వీధిల పిల్లి అంటారు, ఇది అందుకు తిరగబడ్డ వ్యవహారం.

ఇల్లు చూస్తే కోటలా ఉంటుంది. పర్వతాలుది బండల వ్యాపారం. రాళ్లమ్మేవాడు ఇటుకలతో ఇల్లు కడితే నలుగురూ నవ్వుతారని గోడలన్నీ నల్లరాతితో మూరెడు మందాన లేపించాడు. కింద ఆఫీసు, నడుమ అంతస్తులో పర్వతాలు, సుగుణమ్మల కాపురం, పైన అతని తల్లిదండ్రులు బీరన్న, సైదమ్మ. బీరన్న గొర్లు కాసి కొడుకును పెంచినవాడు. మంద అమ్మేశాక కూడా గుట్టల దిక్కు చూడనిదే ఆయనకు పొద్దు గడవదు, అందుకే పై అంతస్తు కావాలన్నాడు. వచ్చినవాళ్లంతా గోడను అరచేత్తో చరిచి "ఏం గోడరా పర్వతాలు!" అంటుంటే పర్వతాలు మీసం తిప్పేవాడు.

"...అమ్మ కాలు ఎట్లుంది వదినా?"

"తుంటి విరిగింది గదా, కాలికి బరువు కట్టి పండవెట్టిండ్రు. కదలొద్దన్నడు డాక్టరు. నీ పేరే కలవరిస్తాంది. ఇగో వచ్చిన, గీ ఒక్క మలుపు..."

రెండో మెట్ల వరస మలుపు తిరిగిందో లేదో చెవిలో గరగరమని మోత మొదలైంది. "వదినా, వదినా" అన్న గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించి, ఆ తర్వాత అదీ పోయింది. సుగుణమ్మ పరుగున గదిలోకి పోయి రిసీవరు అత్త చేతిలో పెట్టింది. అప్పటికే చేయి చాపుకుని ఉన్న సైదమ్మ దాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది.

"పెట్టేసింది."

"పెట్టలేదత్తా, తెగింది."

"నీతోని మాట్లాడినంతసేపు తెగదు. నా చేతికి వచ్చేసరికే ఎట్ల తెగుతది?" సైదమ్మ రిసీవరును పక్కలో పెట్టి గోడ దిక్కు ముఖం తిప్పుకుంది. "నా గొంతు ఇనుడు దానికి ఇష్టం లేదు. ఎందుకుంటది? ఆనాడు తలుపు పెట్టుకున్న తల్లిని."

ఆనాడు అంటే రెండేళ్ల కిందటి మాట. ఆలేరు దిక్కు నుంచి వచ్చి ఊళ్లో బట్టల దుకాణంలో పనిచేసే రామచంద్రాన్ని చేసుకుంటానన్నది పర్వతాలు చెల్లెలు గోపమ్మ. అతను సాలెవాళ్ల పిలగాడు. బీరన్న ఒప్పుకోలేదు. మాట మీద మాట పెరిగింది. చివరికి పిల్ల సంచి సర్దుకుంటే బీరన్న తిట్టలేదు, కొట్టలేదు. భుజాన కర్ర వేసుకుని ఆమె వెనకాలే బస్సు ఆగే చోటి దాకా నడిచి, బస్సెక్కిందాకా నిలబడి, తిరిగి వచ్చాడు. సైదమ్మ లోపలిగదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆ తర్వాత రామచంద్రం బొంబాయి దిక్కు భివండిలో మరమగ్గాల పనికి పోయాడని, గోపమ్మా అక్కడే ఉందని వినికిడి. తల్లి పడిపోయిన సంగతి ఎవరి ద్వారానో తెలిసి ఈ నెలలోనే ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ప్రతిసారీ ఇదే తంతు. మలుపు దాకా రావడం, తెగిపోవడం.

కింద మళ్లీ మోగింది. సుగుణమ్మ రిసీవరు లాక్కుని మలుపు కిందికి ఉరికింది. అవతల గోపమ్మ ఏడుస్తోంది.

"అమ్మకు ఇష్టం లేకుంటే లేదని చెప్పుండ్రి వదినా. గిట్ల సగంల పెట్టేసుడెందుకు? ఎస్టీడీ బూతోళ్ల ముందట సిగ్గు పోతాంది."

"అయ్యో, ఎవ్వరు పెట్టలే..."

"ఇను వదినా. నేను దవాఖాన్ల ఉన్న. బిడ్డ అడ్డం తిరిగింది. ఒంట్ల రక్తం లేదంటున్నరు. పోయినేడొకటి కడుపులనే పోయింది, మీకు తెల్వది. రేపు కోస్తరట. ఇద్దర్ల ఎవరికీ గ్యారంటీ ఇయ్యమన్నరు." ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది. "రేపు పొద్దున లోపటికి తీస్కపోయే ముందట ఈడి ఫోన్ల కెల్లి చేస్త. అమ్మ ఒక్క మాట మాట్లాడితే సాలు. మాట్లాడకుంటే ఇగ నేనడగ వదినా. బతికున్నా అడగ."

పెట్టేసింది. ఇటు నుంచి చేద్దామంటే ఏ దవాఖానో, ఏ నంబరో తెలియదు. సుగుణమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పైన రొట్టె మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంటోంది.

అప్పుడు ఆఫీసులోకి తొంగిచూస్తే బీరన్న కనబడ్డాడు. బల్ల పక్కనే స్టూలు వేసుకుని, ఫోను డబ్బా మీదికి వంగి కూర్చున్నాడు. కోడలి అలికిడికి తటాలున లేచాడు. పోయిన ఆదివారమూ అక్కడే ఉన్నాడు, అంతకుముందు ఆదివారమూ అక్కడే. ఫోను ఎందుకు తెగుతుందో ఇప్పుడు తెలిసింది, ఈ ముసలాయనే కోస్తున్నాడనుకుంది సుగుణమ్మ.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె ఆగలేకపోయింది. మామ కంచంలో అన్నం పెట్టి, గరిటె చేతిలోనే పట్టుకుని అడిగింది.

"మామా, ఒక్కటడుగుత. ఆడపిల్ల రేపు సస్తదో బతుకుతదో తెల్వకుంట ఉంటే, తల్లీబిడ్డల నడుమ ఫోను కోసుడు నీకు న్యాయమేనా?"

"ఏందే ఆ మాట!" పర్వతాలు కంచం నెట్టేశాడు. "ఎవరితోని మాట్లాడుతున్నవో తెలుస్తుందా?"

"తెలుస్తుంది. ఆదివారం ఆ టైముకే ఆ డబ్బా పక్కన ఎందుకు కూసుంటడు? నేను పైకెక్కంగనే ఎందుకు తెగుతది? నువ్వే అడుగు మీ నాయినను." గోపమ్మ చెప్పిందంతా చెప్పేసింది. "అత్త పైన కొన ఊపిరితోటి సూస్తాంది. అది ఆడ కోతకు పోతాంది. ఒక్క మాట, ఒక్కటే మాట అడుగుతున్నరు ఇద్దరు. ఇంత పెద్ద కోట కట్టినవు గదయ్యా, ఒక్క మాట పోయేంత సందు లేదా ఇంట్ల?"

పర్వతాలు తండ్రి దిక్కు చూశాడు. బీరన్న అన్నంలో చేయి పెట్టి అట్లాగే ఉన్నాడు.

"కొయ్యలే బిడ్డా. నాకది కోసుడు గూడ రాదు."

"మరి ఎందుకు కూసున్నవు?"

"దాని గొంతు ఇనొస్తదేమోనని." బీరన్న తల ఎత్తలేదు. "నువ్వు రిసీవరు పట్కొని పోతవు. గొంతంత గా డబ్బాల కెల్లే గదా వచ్చేది అనుకున్న. చెవి పెట్టి సూసిన. గింత గూడ ఇనరాలే. మీ అత్తకన్న నేనే ముందుగాల పాపం చేసిన, నాకెట్ల ఇనొస్తది తియ్యి."

సుగుణమ్మ గరిటె కింద పెట్టేసింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఈ మనిషి కళ్లలో నీళ్లు చూడలేదు. మంచినీళ్ల చెంబు ఆయన ముందుకు జరిపింది.

"మరి ఎట్ల తెగుతుందే?" అన్నాడు పర్వతాలు.

కంచాలు అక్కడే వదిలేసి ముగ్గురూ మెట్ల మీదికి వచ్చారు. బీరన్న రిసీవరు అడిగి తీసుకున్నాడు. నంబరు నొక్కకముందు వచ్చే కుయ్యిమనే మోతను వింటూ ఒక్కో మెట్టే ఎక్కాడు. మలుపు దగ్గర గరగర. ఇంకో మెట్టెక్కితే ఏమీ లేదు. దిగితే మళ్లీ కుయ్యి. ఎక్కితే పోయింది. పైకీ కిందికీ ఎక్కి దిగి, చివరికి ఆ మలుపులోనే కూలబడ్డాడు.

"నాయినా, ఏమైంది?"

"రోడ్డు దాటిచ్చినట్టే ఉన్నది రా ఇది."

పర్వతాలుకు వెంటనే అర్థమైంది. చిన్నప్పుడు తండ్రితో మంద వెంట తిరిగినవాడే. హైవే మీద మందను దాటించాలంటే ఇద్దరుండాలి. ఒకడు ముందే అవతలి పక్కకు పోయి కూత పెడతాడు. రెండోవాడు వెనక నుంచి అదిలిస్తాడు. ముందటివాడి కూత విని గొర్లు తల ఎత్తిందాకా వెనకటివాడు నోరు మూయకూడదు. తొందరపడి వెనకవాడు ఆగినా, ముందు పిలిచేవాడు లేకపోయినా, మంద నడిరోడ్డు మీద చెల్లాచెదరైపోతుంది.

"ఈడిదాక కింది డబ్బా పిలుస్తాంది. ఈ మలుపు దాటినంక రాతి గోడ దాని పిలుపును పోనిస్తలేదు, పైన పిలిచేటోడు లేడు," అన్నాడు బీరన్న. తర్వాత గొంతు మారింది. "నా బిడ్డను గట్లనే తోలిన రా కొడకా. బస్సు దాక ఎనక ఎనకనే తోలిన. ముందట ఎవడు పిలుస్తుండో, ఆడ దాన్ని అందుకునేటోడున్నడో లేడో సూడలే. నలభై ఏండ్లు గొర్లు కాసిన, ఒక్క గొర్రెను గట్ల తోలలే."

పర్వతాలు అటక ఎక్కి, తీగలేని ఫోను వచ్చాక మూలకు పడేసిన పాత నల్ల ఫోనును దుమ్ము దులిపి దించాడు. దాని గంట చెడిపోయింది, మోగదు. కానీ ఎత్తితే మాట వినబడుతుంది. అది చాలు. ఆఫీసులో ఉన్న తీగ చుట్ట తెచ్చి, మెట్ల గోడకు బెజ్జం వేద్దామని ఉలి పట్టాడు. ఉలి మొన వంగింది గానీ రాయి పెచ్చు కూడా లేవలేదు. గోడను మెచ్చుకున్నవాళ్లలో ఒక్కడూ ఆ వేళకు రాలేదు. "థూ, ఏం గోడరా ఇది!" అని తన గోడను తానే తిట్టుకుని, తీగను కింది ఫోను లైనుకే కలిపి, కిటికీలోంచి బయటకు తీసి, బట్టలారేసే దండెంలా గోడ బయట నుంచి పై అంతస్తుకు లాగాడు. పొద్దు గూకేసరికి నల్ల ఫోను సైదమ్మ తలగడ పక్కన చేరింది.

ఏర్పాటంతా బీరన్నే చెప్పాడు. ఫోను కిందే మోగుతుంది కనుక కింద పర్వతాలు ఎత్తాలి. పైన సుగుణమ్మ నల్ల ఫోను ఎత్తి సైదమ్మ చెవికి పెట్టాలి. మలుపులో తాను నిలబడతాడు. సైదమ్మకు బిడ్డ గొంతు వినబడ్డాక తాను కూత పెడితే, అప్పుడు, అప్పుడే పర్వతాలు కింద రిసీవరు ఆపాలి.

"ఎందుకు మామా కూత? పేరు పెట్టి పిలువరాదా?" అన్నది సుగుణమ్మ. అని తానే నాలుక కరుచుకుంది. బీరన్న పుట్టి బుద్ధెరిగి పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచినవాడు కాదు. కోడలిని అసలే పిలవడు. ఇంట్లో ఎవరిని పిలవాలన్నా ఆయనకు తెలిసింది మంద కూత ఒక్కటే.

సోమవారం పొద్దున ఇంట్లో ఎవరూ చాయ్ తాగలేదు. సైదమ్మ తల దువ్వించుకుంది, ఫోనులో కనబడతానన్నట్టు. కింద పర్వతాలు రిసీవరు ముందు కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. మలుపులో బీరన్న కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

మోగింది.

"హలో, చెల్లె? ఆగు, అమ్మ..."

కింద చెల్లె అన్న మాట వినగానే బీరన్న తల పైకెత్తాడు. బిడ్డ వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు ముందటి రాత్రి చెప్పుకున్న మాటను తోసేసింది. "హొయ్... హొహొహొయ్!" అని పై అంతస్తు దిక్కు కూత పెట్టేశాడు. వచ్చింది, అందుకోండి అని ఆయన అర్థం. రాతి గోడల మధ్య ఆ కూత ఇల్లంతా మారుమోగింది. కింద పర్వతాలు అది విని, అయిపోయిందనుకుని, టక్కున రిసీవరు ఆపేశాడు.

పైన సుగుణమ్మ నల్ల ఫోను అప్పుడే ఎత్తింది. అందులో మనిషి గొంతు లేదు.

"ఏది? ఏదే?" అన్నది సైదమ్మ.

సుగుణమ్మ ఫోను పెట్టేసింది. సైదమ్మకు అర్థమైంది. కాలికి కట్టిన బరువు ఊగుతుండగా, "గోపీ! ఓ నా తల్లీ! నన్నిడిసి పోకు బిడ్డా!" అని ఒక్క పెట్టున ఏడ్చింది. ఆ ఏడుపు మెట్ల మీదుగా కింది దాకా దిగి వచ్చింది. ఏ తీగా లేకుండానే వచ్చింది, భివండికి మాత్రం పోలేదు.

బీరన్న మెట్లు దిగి కొడుకు ముందు నిలబడ్డాడు. కర్ర చేతిలోంచి జారిపోయింది.

"మల్ల నేనే తోలిన గదరా. నా నోరు పడిపోను, మల్ల నేనే ఎల్లగొట్టిన."

"నేనాపేసిన నాయినా. నా చెయ్యి ఇరగ..."

ఇద్దరూ ఫోను దిక్కు చూస్తూ ఉండిపోయారు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆ పిల్ల ఇక అడగనన్నది, ఈపాటికి లోపలికి తీసుకుపోయి ఉంటారు. పర్వతాలుకు తన ఇల్లు మొదటిసారి సమాధిలా అనిపించింది.

మళ్లీ మోగింది.

పర్వతాలు చేయి ముందుకు పోలేదు. తన తొందరను తానే నమ్మలేనట్టు వెనక్కి జరిగాడు. బీరన్న రెండు చేతులతో రిసీవరు తీసి చెవికి పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నది గోపమ్మ. "టక్కుమనంగనే నేను గూడ పెట్టేసిన. లోపటికి పోతున్న. కాని అన్నా, బాపు కూత పెట్టిండు గదా? నాకు ఇనొచ్చింది. బాపు గా కూత ఎవరిని పిల్వనీకి పెట్టిండు? అదొక్కటి చెప్పు. నన్నేనా?"

"నిన్నే బిడ్డా," అన్నాడు బీరన్న. "నిన్నే పిలిచిన."

అవతల నుంచి "బాపూ" అని ఒక్క మాట.

"పెట్టకు తల్లీ. ఈసారి తొందర లేదు. నీతోనే మాట్లాడుకుంట మెట్లెక్కుత. ఇగో ఎక్కుతున్న. మీ అమ్మ పైన ఉన్నది. నీ కోసం తల దువ్వుకున్నది." ఒక్కో మెట్టే ఎక్కి, మలుపు కింది మెట్టు మీద సరిగ్గా ఆగాడు. అక్కడ దాటితే బిడ్డ చేజారుతుంది. తలెత్తి పై అంతస్తు దిక్కు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పేరు పెట్టి పిలిచాడు. "సైదమ్మా! ఫోనెత్తే! బిడ్డ!"

రిసీవరులో ఏదో కదిలింది. ఆ వెంటనే సైదమ్మ గొంతు పై గదిలోంచి ఒక చెవికి, రిసీవరులోంచి ఇంకో చెవికి ఒక్కసారే వినిపించింది.

"గోపీ."

"అమ్మా!"

"ఆనాడు తలుపు పెట్టుకున్న గని గొళ్లెం పెట్టలే బిడ్డా. నువ్వు తోసుకొని వస్తవనుకున్న. తలుపు దిక్కే సూసుకుంట కూసున్న. నువ్వు రాలే."

"గొళ్లెం పెట్టినవనుకున్న అమ్మా," గోపమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "బయట శానసేపు నిలబడ్డ. నువ్వు పిలుస్తవని."

"ఎడ్డిదాన్ని, నేను పిలువలే. ఇప్పుడు పిలుస్తున్న. నువ్వు, నీ బిడ్డ, నీ పెనిమిటి, ముగ్గురు రావాలె. పో తల్లీ, ధైర్నంగ పో. నేను ఫోను పెట్ట. నువ్వు పెట్టినంకనే."

ఎవరో ఆమెను పిలుస్తున్న మాటలు, బండి చక్రాల చప్పుడు వినబడ్డాయి. ఇప్పుడు బీరన్న రిసీవరు ఆపాలి, ఏర్పాటు అదే. ఆయన ఆపలేదు. మలుపులో కూర్చుని, ఆ చప్పుడు మొత్తం పోయిందాకా చెవికి ఆనించుకునే ఉన్నాడు.

ఆ పగలు ఎట్లా గడిచిందో ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం దాటాక మోగినప్పుడు కూడా ఆయన ఆ మెట్టు మీదే ఉన్నాడు.

"మామా, నేను రామచంద్రాన్ని." ఆ గొంతు బీరన్న ఎన్నడూ వినలేదు. "ఆడపిల్ల. ఇద్దరు బతికిండ్రు. నేనే రక్తమిచ్చిన. గోపమ్మకు ఇంక మత్తు దిగలే, చెయ్యి పట్టుకొనే ఉన్న పొద్దటి సంది. మీకు చెప్పనీకి ఇప్పుడే బయటికి వచ్చిన."

పై నుంచి సుగుణమ్మ, కింద నుంచి పర్వతాలు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. బీరన్న వాళ్లకు తల ఊపి చెప్పాడు. పైన సైదమ్మ "ఏమాయె, ఏమాయె?" అని అరుస్తోంది.

"రామచంద్రం," అన్నాడు బీరన్న చివరికి. "ఆనాడు బస్సు కాడ నా బిడ్డ ఆగమైపోయిందనుకున్న. ముందట నువ్వున్నవని నేను సూడలే అయ్యా."

బీరన్న కండువాతో ముఖం తుడుచుకుని, "జర ఆగు, మీ అత్తకు గూడ చెప్పు" అని, సైదమ్మ ఫోను ఎత్తిందాకా రిసీవరు పట్టుకుని కూర్చున్నాడు.